రష్‌కి వెళ్ళేముందు: ఏషియన్ సొరోరిటీనా, దేశీ సొరోరిటీనా, అసలు ఏదీ వద్దా?

ఆగస్టు చివర్లో అమ్మాయిని డార్మ్‌లో దింపుతాం. దుప్పట్లు, ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా అన్నీ సర్దిపెట్టి, దారంతా కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొస్తాం. మూడు వారాలు తిరక్కుండానే ఫోన్ వస్తుంది. "అమ్మా, నేను రష్‌కి వెళ్తున్నా."

మనకి రష్ అంటే పండగ ముందురోజు బస్టాండు. అమెరికా కాలేజీల్లో రష్ అంటే సొరోరిటీలు, అంటే గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అమ్మాయిల సంఘాలు, కొత్తవాళ్ళని పరిచయం చేసుకునే వారం. అది అర్థమయ్యేలోపే "చదువుకోడానికి వెళ్ళావా, పార్టీలకి వెళ్ళావా" అనేస్తాం. అమ్మాయి ఫోన్ పెట్టేస్తుంది. ఆ తర్వాత ఏం జరిగినా మనకి చెప్పదు.

మా ఇద్దరమ్మాయిలూ ఈ గుమ్మం దాకా వెళ్ళారు. పెద్దది ఏషియన్ సొరోరిటీలో చేరి చదువు అయ్యేదాకా ఉంది. చిన్నది ఒక దేశీ సొరోరిటీలో చేరబోయి వెనక్కి వచ్చేసింది. న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తల్లులు ఇప్పుడు నన్నే అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఇండియా నుంచి ఎంఎస్‌కి వచ్చే అమ్మాయిలకి ఇది పెద్దగా వర్తించదు. ఈ సొరోరిటీలు ప్రధానంగా బ్యాచిలర్స్ చదివే అమ్మాయిలవి. ఎంఎస్ వాళ్ళు యూనివర్సిటీలోని ఇండియన్ గ్రాడ్యుయేట్ అసోసియేషన్, డిపార్ట్‌మెంట్ క్లబ్బులు చూసుకోవడమే మేలు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, ఇంటర్ అవగానే బ్యాచిలర్స్‌కి వచ్చిన పిల్లలు, ఈ రెండు రకాలవాళ్ళ కోసమే ఈ సలహా.

ఇవి ఎందుకు పుట్టాయి

ఇది తెలిస్తే సగం భయం పోతుంది. 1920ల చివర్లో లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో జపాన్ సంతతి అమ్మాయిలకి తెల్లవాళ్ళ సొరోరిటీల్లో చోటుండేది కాదు. వాళ్ళంతా కలిసి కై ఆల్ఫా డెల్టా పెట్టుకున్నారు. 1929లో యూనివర్సిటీ గుర్తించింది. అమెరికాలో మొదటి ఏషియన్ సొరోరిటీ అదే. క్యాంపస్ పక్కన సొంత ఇల్లు తీసుకుందామంటే, ఆ వీధుల్లో తెల్లవాళ్ళు కానివాళ్ళకి అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపాన్ సంతతివాళ్ళని క్యాంపుల్లో నిర్బంధించినప్పుడు సంఘమే చెదిరిపోయింది. యుద్ధం అయ్యాక, 1946లో, ఆ అమ్మాయిలు తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఇంట్లోంచి వెళ్ళగొట్టినా మళ్ళీ వచ్చి అదే పేరుతో కూడుకున్నారంటే, దాన్ని పార్టీల సరదా అనలేం కదా.

మన దేశీ సొరోరిటీల కథ వేరు. 1965లో వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు కుటుంబాలతో రావడం పెరిగింది. వాళ్ళకి ఇక్కడ పుట్టిన ఆడపిల్లలు 90లలో కాలేజీకి వచ్చారు. అందుకే 1998 ఒక్క ఏడాదిలోనే మూడు పుట్టాయి: ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. మరుసటి ఏడాది టెక్సస్ ఏ అండ్ ఎంలో డెల్టా కప్పా డెల్టా. నాలుగింట్లో మూడు టెక్సస్‌వే. ఇవాళ డాలస్ చుట్టూ మనవాళ్ళ పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్ళకి, అక్కడ ఈ సంఘాలకి వేళ్ళు ఎంత లోతుగా ఉన్నాయో చెప్పక్కర్లేదు.

తూర్పు ఆసియా పిల్లలవి అంతకు కొంచెం ముందు వచ్చాయి. బర్క్‌లీలో మొదలైన ఆల్ఫా కప్పా డెల్టా ఫై వీటిలో పెద్దది. 1994లో ఆల్బనీలో సిగ్మా సై జీటా, 1995లో బింగ్‌హాంటన్‌లో కప్పా ఫై లాంబ్డా. పేరులో ఏషియన్ అని ఉన్నా ఏ జాతి అమ్మాయైనా చేరొచ్చు. కమలా హారిస్ తల్లి చెన్నై నుంచి వచ్చినావిడ. కమల హోవర్డ్ యూనివర్సిటీలో చేరింది ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి సొరోరిటీలో. కాబట్టి మన పిల్ల ముఖం చూసి "నీకు ఇదే" అని ఎవరూ తేల్చక్కర్లేదు, మనం కూడా.

ఎదురుగా ఉన్న దారులు

పెద్ద ఇళ్ళున్న సొరోరిటీలు అంటే 1902 నుంచి ఉన్న నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉండేవి. ఒక్కో చాప్టర్‌లో, అంటే ఒక కాలేజీలో ఉన్న శాఖలో, వంద దాటి అమ్మాయిలుంటారు. రష్ ఒక పద్ధతి ప్రకారం రోజుకో రౌండు జరుగుతుంది. ఖర్చు ఎక్కువ, ఉద్యోగాల దగ్గర పనికొచ్చే పరిచయాలూ ఎక్కువే. మా ఇంట్లో ఎవరూ వెళ్ళలేదు కాబట్టి దీని గురించి ఇంతకంటే చెప్పను.

ఏషియన్ సొరోరిటీ చిన్నది. పది మంది నుంచి నలభై మంది దాకా. ఎక్కువ చోట్ల సొంత ఇల్లు ఉండదు, సీనియర్ల అపార్ట్‌మెంటే అడ్డా. చైనీస్, కొరియన్, వియత్నామీస్, ఫిలిప్పినో పిల్లలు ఎక్కువ, మనవాళ్ళు ఒకరో ఇద్దరో. అక్కచెల్లెళ్ళ బంధం, సేవ, సంస్కృతి గురించి తెలుసుకోవడం, ఈ మూడూ వాళ్ళ మాటల్లో ఎప్పుడూ వినిపిస్తాయి.

దేశీ సొరోరిటీ కూడా దాదాపు అంతే ఉంటుంది, అక్కడ ఎక్కువమంది మన ఉపఖండం వాళ్ళే. గుజరాతీ, పంజాబీ, మలయాళీ, బెంగాలీ, పాకిస్తానీ, తెలుగు.

సొరోరిటీ కాని దారులూ ఉన్నాయి. ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్, కొన్ని చోట్ల తెలుగు స్టూడెంట్ క్లబ్బులు, పోటీలకి వెళ్ళే డాన్స్ టీములు. సేవ మీదే మనసుంటే ఆల్ఫా ఫై ఒమేగా ఉంది. 1925లో లఫాయెట్ కాలేజీలో పుట్టిన సంఘం, 1976 నుంచి అమ్మాయిల్నీ సమానంగా తీసుకుంటోంది. అక్కడ పనే ముఖ్యం, హంగామా తక్కువ.

ఏషియన్, దేశీ మధ్య అసలు తేడా

ఇది నాకు ఒక వంటింట్లో అర్థమైంది. పెద్దమ్మాయి రెండో సంవత్సరంలో ఉండగా చైనీస్ కొత్త సంవత్సరానికి నన్ను రమ్మంది. సీనియర్ ఒకామె అపార్ట్‌మెంట్. ఇరుకు వంటిల్లు, పన్నెండు మంది అమ్మాయిలు, గట్టుమీద పిండి. డంప్లింగులు చేస్తున్నారు. మా అమ్మాయి కోసం విడిగా ఒక గిన్నెలో క్యాబేజీ, పుట్టగొడుగుల కూర. ఒక చైనీస్ పిల్ల వాళ్ళ నానమ్మ నేర్పినట్టు అంచుని చిన్న చిన్న కుచ్చిళ్ళు పెట్టి మూస్తోంది. మా అమ్మాయికి అది రాలేదు. రెండుసార్లు చినిగింది. మూడోసారి, కజ్జికాయకి అంచు తాడులా మెలితిప్పుతామే, అలా తిప్పేసింది. పక్కన ఉన్న పిల్లలు చేతులు ఆపి చూశారు. "ఇది ఎవరు నేర్పారు?" అని అడిగితే, "మా అమ్మమ్మ, చిన్నప్పుడు దీపావళికి" అంది.

ఇంటికొచ్చాక నాకు తెలిసింది, ఆ రాత్రే తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసిందట. కజ్జికాయల్లోకి కొబ్బరి ఎంత, బెల్లం ఎంత, నువ్వులు వేయించాలా వద్దా అని. పద్దెనిమిదేళ్ళు నేను చెప్తే వినని పిల్ల, బయటివాళ్ళు అడిగేసరికి తనంతట తాను అడిగి తెలుసుకుంది. ఆ దీపావళికి ఆ పన్నెండు మంది కూర్చుని కజ్జికాయలు చేశారు. అంచులు అన్నీ వంకర.

ఏషియన్ సొరోరిటీ మన పిల్లకి ఇచ్చేది అదే. అక్కడ తన గురించి తాను చెప్పుకోవాలి, చెప్పుకోవాలంటే ముందు తెలుసుకోవాలి. దాంతోపాటు మిగతావాళ్ళ కథలూ తెలుస్తాయి. మే నెలని ఏషియన్ హెరిటేజ్ మంత్ అని ఎందుకన్నారో నాకు మా అమ్మాయే చెప్పింది. 1843 మేలో మొదటి జపానీయుడు అమెరికాలో దిగాడు, 1869 మేలో చైనా కూలీలు కొండలు తొలిచి వేసిన రైలుమార్గం పూర్తయింది. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా నాకు తెలియని సంగతి.

అయితే ఇబ్బంది కూడా ఉంది. అక్కడ మన పిల్ల ఒక్కతే ఇండియన్ కావచ్చు. అందరూ కొరియన్ పాటలు, బోబా టీ గురించి మాట్లాడుకుంటుంటే మొదట్లో పక్కన నిలబడినట్టు ఉంటుంది. కొన్ని చాప్టర్లలో ఏషియన్ అంటే తూర్పు ఆసియా మాత్రమే అన్నట్టు నడుస్తుంది. ఇన్ఫో సెషన్‌కి వెళ్ళినప్పుడు గత ఏడాది వాళ్ళు చేసిన సాంస్కృతిక కార్యక్రమాలేమిటో అడగాలి. వాటిలో దక్షిణాసియాకి సంబంధించింది ఒక్కటీ లేకపోతే, చేరాక అది పెట్టే భారం మన పిల్ల మీదే పడుతుంది. మోయగలనంటే మంచిదే.

దేశీ సొరోరిటీలో ఆ వివరణలేవీ అక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక అమ్మ రెండుసార్లు ఎందుకు ఫోన్ చేస్తుందో, డేటింగ్ గురించి ఇంట్లో ఎందుకు చెప్పలేదో, మెడిసిన్ వదిలి ఆర్ట్ చదువుతానంటే ఇంట్లో ఎంత టెన్షనో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. చుట్టూ ఒక్క ఇండియన్ కుటుంబం కూడా లేని ఊళ్ళో, బడిలో తన పేరు సరిగ్గా పలికినవాళ్ళు లేకుండా పెరిగిన పిల్లకి ఇది తల్లి ఒడి లాంటిది. అలాంటి పిల్లకి నేను రెండో మాట లేకుండా దేశీ సొరోరిటీనే చూడమంటాను.

అక్కడ చూసుకోవాల్సింది ఇంకొకటి. దేశీ అనగానే హిందీ పాటలు, భాంగ్రా, హోలీ. తెలుగు పిల్ల అక్కడ కూడా "మీరు మద్రాసీలా?" అనే మాట వినొచ్చు. చాప్టర్‌లో ఒక్క భాషవాళ్ళే గుంపుగా ఉన్నారా, అన్ని ప్రాంతాలవాళ్ళూ ఉన్నారా, ముస్లిం అమ్మాయిలు, క్రైస్తవ అమ్మాయిలు ఉన్నారా అని ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లోనో, ఫ్రిస్కోలోనో పెరిగిన పిల్లకి నా సలహా దీనికి తలకిందులు. ఆదివారం బాలవికాస్, శనివారం కూచిపూడి, ఏడాదంతా తెలుగు స్నేహితురాళ్ళ పుట్టినరోజులు. ఆ పిల్లకి మళ్ళీ నలుగురు దేశీ అమ్మాయిల్ని వెతికిపెట్టే సంఘం అక్కర్లేదు, ఎలాగూ దొరుకుతారు. ఏషియన్ సొరోరిటీ ఆమె కంటికి కొత్త కిటికీ తెరుస్తుంది. మా పెద్దదాని విషయంలో జరిగింది అదే.

సేవ: ఎవరి కోసం, ఎన్ని గంటలు

ప్రతి సొరోరిటీకీ దేశస్థాయిలో ఒక సేవాంశం ఉంటుంది. ఆల్ఫా కప్పా డెల్టా ఫై రొమ్ము క్యాన్సర్ మీద, సిగ్మా సై జీటా ఆడవాళ్ళ మీద హింస మీద, 1998లో జార్జియా యూనివర్సిటీలో పుట్టిన డెల్టా ఫై లాంబ్డా ఎముకలు గుల్లబారే జబ్బు మీద పనిచేస్తాయి. పేపర్ మీద అన్నీ గొప్పగానే ఉంటాయి. కిందటి సెమిస్టర్‌లో ఎంత డబ్బు పోగుచేశారు, ఎక్కడికి పంపారు, చేత్తో చేసిన పని ఎన్ని గంటలు అని అడిగితే అసలు రంగు తెలుస్తుంది. గృహహింస బారిన పడిన దక్షిణాసియా స్త్రీల కోసం మా న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి పనిచేస్తున్నాయి. మన ఇళ్ళలో నోరు విప్పని సమస్య అది. అలాంటి సంస్థకి సెమిస్టర్ పొడుగునా పనిచేసిపెట్టే చాప్టర్ కనిపిస్తే, ఏషియన్ అయినా దేశీ అయినా నేను దానికే ఎక్కువ మార్కులేస్తాను.

డబ్బు, టైము

చిన్న సొరోరిటీల్లో సెమిస్టర్ డ్యూస్ (సభ్యత్వ రుసుములు) మామూలుగా వందల డాలర్లలో ఉంటాయి. ఇల్లున్న పెద్దవాటిలో వెయ్యి సులువుగా దాటుతుంది, అక్కడే ఉంటే అద్దె, భోజనం అదనం. డ్యూస్‌తో అయిపోతుందనుకోవద్దు. కొత్త సభ్యురాలి ఫీజు వేరు, అక్షరాలు కుట్టిన జాకెట్టు వేరు, ఫార్మల్ డిన్నరు, వేరే చాప్టర్‌కి కారులో వెళ్ళిరావడం, తన 'లిటిల్'కి, అంటే తన కింద కొత్తగా చేరిన చెల్లికి, కానుకలు. మొదటి ఏడాది మొత్తం కలిపి ఎంత అవుతుందో రాతపూర్వకంగా అడగాలి. సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. వాయిదాల్లో కట్టే వీలుందా, కట్టలేని అమ్మాయిని ఏం చేస్తారు అని కూడా.

టైము మాటకొస్తే, కొత్తగా చేరిన ఆరేడు వారాలు గట్టిగా ఉంటాయి. మీటింగులు, స్ట్రోల్ ప్రాక్టీసు, సంఘం చరిత్ర బట్టీ పట్టడం. (స్ట్రోల్, స్టెప్ అనే ఆ వరస నాట్యాలు నల్లజాతి సంఘాల నుంచి వచ్చినవి. అది ఎక్కడిదో పిల్లలకి చెప్పి నేర్పే చాప్టర్ అంటే నాకు గౌరవం.) ఆర్గానిక్ కెమిస్ట్రీ, కాల్క్యులస్ ఒకే సెమిస్టర్‌లో ఉంటే స్ప్రింగ్ దాకా ఆగమనండి. చాలా చాప్టర్లు రెండు సెమిస్టర్లలోనూ రష్ పెడతాయి. డాన్స్ టీము తేలిక అనుకునేరు, పోటీల కాలంలో వాళ్ళ ప్రాక్టీసు అర్ధరాత్రి దాటుతుంది.

హేజింగ్: ఇక్కడ మొహమాటం వద్దు

హేజింగ్ అంటే మన ర్యాగింగ్ లాంటిదే, సంఘంలో చేర్చుకునే పేరుతో కొత్తవాళ్ళని హింసించడం. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీ కుర్రాడు ఒకడు, పై డెల్టా సై అనే ఏషియన్ ఫ్రటర్నిటీలో (అబ్బాయిల సంఘంలో) చేరబోయి, పెన్సిల్వేనియాలోని పోకోనో కొండల్లో చనిపోయాడు. కళ్ళకి గంతలు కట్టి, వీపుకి బరువు కట్టి, మంచుపట్టిన నేల మీద నడిపిస్తూ తోసి పడేశారు. స్పృహ తప్పాక కూడా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. కోర్టు ఆ ఫ్రటర్నిటీని పదేళ్ళపాటు పెన్సిల్వేనియాలో నిషేధించింది. సంస్కృతి పేరున్న సంఘంలో ఇలాంటివి జరగవని అనుకోవద్దు. అమ్మాయిల్లో దెబ్బల కంటే నిద్ర లేకుండా చేయడం, మాటలతో కుంగదీయడం ఎక్కువ ఉంటాయి, బయటికి కనిపించవు.

మా చిన్నదాని విషయంలో జరిగింది చెప్తాను. ఆ సంఘం పేరు అనవసరం. రెండో వారంలో ఫోన్ చేసినప్పుడు గొంతు బొంగురుగా ఉంది. జ్వరమా అంటే కాదంది. "ఏం చేస్తున్నారక్కడ?" అంటే "చెప్పకూడదమ్మా" అంది. చిన్నప్పటి నుంచీ బడిలో జరిగినవన్నీ అన్నం తింటూ చెప్పే పిల్ల. ఆ ఒక్క మాటకే నా గుండె జారిపోయింది. నేను అరవలేదు, ఏడవలేదు. "చెప్పకపోయినా పర్లేదు నాన్నా. పడుకుని ఎన్ని రోజులైంది, అది మాత్రం చెప్పు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడు రోజుల్నుంచి తెల్లారేదాకా కూర్చోబెడుతున్నారు" అంది. శనివారం వాళ్ళ నాన్న వెళ్ళి ఇంటికి తీసుకొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. సోమవారం తనే మెసేజ్ పెట్టి మానేసింది. మేం మానమని చెప్పలేదు.

రహస్య ప్రార్థనలు, రహస్య చేతి గుర్తులు ఉంటే పట్టించుకోను, ఏ సంఘంలోనైనా ఉంటాయి. నిద్ర, తిండి, ఫోను, క్లాసు, వీటిలో ఏదైనా లాక్కుంటే మాత్రం అది హేజింగే. "అమ్మకి చెప్పకు" అన్నా అంతే.

ఇప్పుడు మనకి ఒక ఆధారం ఉంది. 2024 డిసెంబర్‌లో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ చట్టమైంది. హేజింగ్ చేసి దొరికిన సంఘాల పేర్లతో కాలేజీ తన వెబ్‌సైటులో నివేదిక పెట్టాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు కొత్త వివరాలు చేర్చాలి. కాలేజీ పేరు, హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అని వెతికితే దొరుకుతుంది. అందులో కనిపించేవి కాలేజీ గుర్తించిన సంఘాలు. గుర్తింపు పోగొట్టుకుని అదే పేరుతో బయట నడిచే చాప్టర్లు కూడా ఉంటాయి, వాటి జాడ అందులో దొరక్కపోవచ్చు. అందుకే ముందు ఈ సంఘాల వ్యవహారాలు చూసే కాలేజీ గ్రీక్ లైఫ్ ఆఫీసు జాబితాలో ఆ పేరుందో లేదో చూడాలి. లేకపోతే ఇంకేం చూడక్కర్లేదు, వద్దనండి.

చివరి మాట అమ్మాయిదే

ఒకే పేరున్న సొరోరిటీ ఒక కాలేజీలో బంగారంలా ఉంటుంది, ఇంకో కాలేజీలో తగువులమారిగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో పేరు వెతికి తీర్పు చెప్పేస్తే లాభం లేదు. ఆ ఇరవై, ముప్ఫై మందిని చూడాలి. రష్ రాత్రి అందరూ నవ్వుతూనే ఉంటారు, కాబట్టి మామూలు రోజున లైబ్రరీలో, డైనింగ్ హాల్లో వాళ్ళెలా ఉన్నారో చూడమనండి.

మా చిన్నది తర్వాత ఏ సొరోరిటీలోనూ చేరలేదు. ఆల్ఫా ఫై ఒమేగాలో చేరి శనివారాలు ఫుడ్ బ్యాంకులో బియ్యం మూటలు కడుతోంది. ఎందుకు చేరలేదని ఎవరైనా అడిగితే జంకకుండా చెప్తుంది.

పెద్దది చేరాలా వద్దా అని తేల్చుకున్న రోజు నాకు గుర్తే. బిడ్ వచ్చింది, అంటే రమ్మని పిలుపు. జవాబు చెప్పడానికి రెండు రోజుల గడువు. ఆ చాప్టర్ ప్రెసిడెంట్‌ని కాఫీకి పిలిచి, "కిందటేడు మీ దగ్గర్నుంచి ఎవరు వెళ్ళిపోయారు, ఎందుకు?" అని అడగమన్నాను. ఆ అమ్మాయి తడుముకోలేదట. "ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకరికి డబ్బు ఇబ్బంది, మేం ముందే అడిగి ఉండాల్సింది. ఇంకొకరికి మాతో కుదరలేదు. ఇద్దరి నంబర్లూ ఇస్తాను, నువ్వే మాట్లాడు" అని అక్కడికక్కడే ఫోన్ తీసిందట. మా అమ్మాయి ఆ ఇద్దరితోనూ మాట్లాడింది. మర్నాడు పొద్దున చేరతానని మెయిల్ పెట్టింది.